గుడ్డపీలికల సినిమా

సూరత్‌లో మా తెలుగు బడికి ట్యాబులు వచ్చిన ఏడాది నేను నాలుగో తరగతికి టీచర్ని. వాటిని ఇచ్చిన కంపెనీ మనిషి పిల్లల చేతులు చూసి ముఖం చిట్లించి, గీతలు పడతాయి, ఎక్కువగా ముట్టుకోనివ్వకండి అన్నాడు. ముట్టుకోకుండా నేర్చుకోవడానికి అవేమన్నా దేవుడి విగ్రహాలా? నాకు ఒళ్లు మండింది. అల్మరా తాళంచెవి నా దగ్గరే ఉంచుకుని, రోజూ మధ్యాహ్నం తీసి పిల్లల చేతికే ఇచ్చేసేదాన్ని.

మా పిల్లల తండ్రులు ఎక్కువమంది తెలంగాణ పల్లెల నుంచి వచ్చి మరమగ్గాల మీద బట్ట నేసేవాళ్లు. మరమగ్గాన్ని వాళ్లు సాంచా అంటారు. ఇళ్లలో గుడ్డపీలికలకు కొదవ లేదు. పీలికలతో బొమ్మ చేసి, కాస్త జరిపి ఒక ఫొటో, ఇంకాస్త జరిపి ఇంకో ఫొటో తీసి, అన్నీ కలిపితే బొమ్మ నడుస్తుందని చూపించాను. ఆ తర్వాత వాళ్లకు నా అవసరమే లేకపోయింది.

ఒక పాప వాళ్ల నాన్న మీద సినిమా తీసింది. నీలం పీలికల నాన్న, అగ్గిపెట్టెల సాంచా. దారం తెగుతుంది, నాన్న వంగి ముడివేస్తాడు, సాంచా మళ్లీ ఆడుతుంది. అంతే కథ. "మా నాన్న గిట్ల వంగడు టీచర్, జర నడుం పట్టుకుంటడు" అంటూ ఆ ఒక్క ముక్కనే తీసి తీసి నన్ను విసిగించింది. చప్పుడు కోసం స్కేలుతో బెంచీ వాయించింది. వార్షికోత్సవంలో నాన్న తనను తాను తెర మీద చూసుకుంటాడని గల్లీలో అందరికీ చెప్పుకుంది.

వార్షికోత్సవం రోజు పొద్దున కంపెనీ మనిషి ట్యాబుల్లో ఉన్నవన్నీ తుడిచేసి, తను తెచ్చిన బొమ్మల సినిమాలు ఎక్కించాడు. పిల్లల సినిమాలేవని అడిగాను.

"అవా? ఊగుతున్నాయి మేడమ్, అతిథుల ముందు బాగుండవు. తీసేశాను" అన్నాడు హిందీలో, చెత్త ఊడ్చినంత తేలిగ్గా. పాప నా పక్కనే ఉండి విన్నది. సూరత్ పిల్లలకు హిందీ ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ప్రిన్సిపాల్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన శాలువాలు సర్దుకుంటూ "ఇప్పుడు గొడవ వద్దమ్మా" అన్నారు. ఇలాంటి పెద్దమనుషుల దృష్టిలో పిల్లలున్నది దండలు పట్టుకుని నిలబడటానికే.

సాయంత్రం తెర మీద ఒక కుందేలూ ఏనుగూ రంగురంగుల అడవిలో గెంతాయి. కింద 'మా విద్యార్థుల సృజన' అని అక్షరాలు. అందరూ చప్పట్లు కొట్టారు. నా నోటిదాకా బూతు వచ్చి ఆగింది.

పాప వాళ్ల నాన్న షిఫ్టు మానుకుని వచ్చాడు. వెనక గోడకు ఆనుకుని, మెడ చాచి, చివరిదాకా కళ్లార్పకుండా చూశాడు. జనం లేచాక కూతురి దగ్గరికి వచ్చాడు.

"మంచిగనే ఉంది బిడ్డా. నన్ను పెట్టిన అంటివి గదా? షురూ నుంచి చూస్తనే ఉన్న. నేనేడున్న అండ్ల?"

నేను నోరు తెరిచేలోగా పాప తలవంచుకుని జవాబు చెప్పింది.

"నువ్వు మంచిగ రాలే నాన్నా. అందుకే తీసేసిండ్రు."