నాటు తొక్కిన నాయిక

టీవీలో వారం వారం వచ్చే ఆ పాటల కామెడీని ఊరంతా నెత్తిన పెట్టుకుంది. అది కూలీలను వెక్కిరించడమేనని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. ఈ రోజు బాన్సువాడ బస్టాండు దగ్గరి హోటల్లో చాయ్ తాగుతుంటే మళ్లీ అదే. నాయిక పొలంలో పాడుతూ వరి నాటేస్తోంది. బీర్కూర్ బస్సు కోసం కూర్చున్న గంగవ్వ పకపకా నవ్వింది. ఏళ్ల తరబడి నాట్లు వేసిన మనిషి!

హోటలాయన సాయిలు ఎగిరి గంతేశాడు. "చూస్తివా సారూ, అవ్వ సుత నవ్వుతుంది. నీకొక్కనికే కడుపుమంట!"

ఓడిపోయాననుకుంటూనే అడిగాను. "అంత నచ్చిందా అవ్వా?"

"నచ్చుడేంది బిడ్డా! ఎనుకకు జరుక్కుంట ఎయ్యాలె నాటు. గామె ముందుకు నడుస్తుంది. ఏసిందంత గామెనే తొక్కుతుంది! మా నాట్ల కూలోళ్ల గుంపులైతే గామెను ఒక్క పూటల ఎల్లగొడ్తుము."

హోటలంతా గొల్లుమంది, సాయిలుతో సహా.

నాటు ఎలా వేస్తారో ఒక్క కూలీనైనా అడగనివాళ్లు పల్లె బతుకు చూపిస్తున్నారట! దానికి ఇన్ని పొగడ్తలా? అర్హత లేదు, అంతే. కాదనేవాళ్లు రండి, వాదించుకుందాం. నాతో కాదు, గంగవ్వతో.