అక్క దోమలు, బావ చెయ్యి

ఆ రోజుల్లో సికింద్రాబాదులో ఆడమనిషి డాక్టరైతే జనం దండం పెట్టేవాళ్లు, పెట్టిన చేతులు దించకముందే "మరి పిల్లగాన్ని ఎవరు చూస్తరమ్మా?" అని అడిగేవాళ్లు. మా అక్కను చర్చిలో అడిగారు, కూరగాయల బండి దగ్గర అడిగారు, ఆఖరికి ఆమె చేతుల మీద పురుడు పోసుకున్న మనిషి కూడా మంచం మీంచే అడిగింది. అదే చర్చికి వచ్చే మా బావను, బడిపంతుల్ని, మాత్రం ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఆ పిల్లవాడు ఆయనకేమీ కానట్టు! ఇన్నేళ్లయినా తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

లెక్కల మాస్టారికీ నాకూ సరిపడక నేను ఎనిమిదో తరగతిలోనే బడి మానేశాను (మానేశాక ఇద్దరికీ బాగా సరిపడింది). రాంగోపాల్‌పేట్‌లో అక్క వాళ్లింట్లో ఉంటూ సైకిల్ షాపులో పనిచేసేవాణ్ణి. అక్క పొద్దున దవాఖానాలో రోగుల్ని చూసి, మధ్యాహ్నం నుంచి అక్కడే ఒక చిన్న గదిలో మలేరియా మీద పరిశోధన చేసేది. అందుకోసం, ఊరంతా చంపలేక చస్తున్న దోమల్ని ఆమె పల్చటి బట్ట కట్టిన పెట్టెలో గుడ్డు నుంచి పెంచేది. వాటికి రోగం ఉండదు, ఆకలి మాత్రం ఉంటుంది. చీకటి పడే వేళ ఎవరైనా పెట్టెలో చెయ్యి పెట్టి కుట్టించుకుంటేనే అవి గుడ్లు పెడతాయి. ఆ సంతానం తెగిపోయిందంటే గది ఖాళీ చేసి వార్డు పని చూసుకొమ్మని పెద్ద డాక్టరు ముందే చెప్పి పెట్టాడు. (రక్తం తాగేది ఆడ దోమలేనట. మగవి చక్కెర నీళ్లు తాగి ఓ మూల పడి ఉంటాయట. అక్క ఈ సంగతి చెప్పినప్పుడు నేను బావ వైపు చూశాను. ఆయన ఇంకో కప్పు చాయ్ కోసం కేకేస్తున్నాడు.)

ఇంతలో పోలీస్ యాక్షన్ వచ్చి పడింది, నిజాం మీదికి యూనియన్ సైన్యం కదిలింది. గదికి కాపలా ఉండే మనిషి బొల్లారంలో తన ఇల్లు కదల్లేదు. రోడ్ల మీద ఎప్పుడేమవుతుందోనని అందరికీ భయం. పెట్టెను ఇంటికి తెమ్మంది అక్క. సైకిల్ వెనక కట్టుకుని వస్తుంటే దారిలో ఒక జవాను ఆపాడు.

"డబ్బాల ఏమున్నది?"

"దోమలు, సాబ్."

"మజాక్ చేస్తున్నవా?"

"నేనెందుకు చేస్తా సాబ్, వేలు పెట్టి చూసుకోండ్రి."

పెట్టాడు. "జల్దీ పో ఈడికెళ్లి!" అన్నాడు, వేలు గోక్కుంటూ.

ఊళ్లో సంగతేమో గాని, మా ఇంట్లో మాత్రం అసలు యుద్ధం అప్పుడే షురూ అయింది. అక్క అత్తగారిని నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. సరిగ్గా చీకటి పడే వేళకే ఆవిడ కుటుంబ ప్రార్థన. అందరూ మోకాళ్ల మీద ఉండి కళ్లు మూసుకోవాల్సిందే. దోమల భోజనమూ అప్పుడే. దాంతో అక్కా నేనూ పెట్టె పక్కనే మోకరించి, తలో చెయ్యి లోపల పెట్టి ప్రార్థనలో పాల్గొన్నాం. పెద్దమ్మ నిజాం కోసం ప్రార్థించింది, యూనియన్ సర్కారు కోసం ప్రార్థించింది (ఎవరు గెలిచినా ఇబ్బంది లేకుండా), చివరికి "ఈ ఇంట్ల దోమలను తరిమెయ్యి ప్రభువా" అంది. అక్క మాత్రం ఆమెన్ అనలేదు. రోజురోజుకీ భయం పెరిగి ప్రార్థన సాగుతుంటే దోమలు లావెక్కాయి, నా చేతులు వాచిపోయాయి. ఒకనాడు పెద్దమ్మే జాలిపడి వాటికి కర్పూరం నూనె పట్టించింది.

ఆ సాయంత్రం పిల్లవాడికి జలుబు చేసి ఒళ్లు కాలింది. మనవడికి మంచిదని పెద్దమ్మ పెట్టె ఉన్న గదిలోనే వేపాకు పొగ వేసింది. అక్క దగ్గుకుంటూ వెళ్లి చూసేసరికి దోమలు చాలావరకు పెట్టె అడుగున రాలిపడి ఉన్నాయి. బట్టకు కొన్ని మాత్రం ప్రాణాలతో అంటుకుని ఉన్నాయి.

"ఎవలు వేసిన్రు పొగ?"

"నేనే వేసిన. దోమలు సస్తె ఏడ్చే డాక్టరమ్మను నేనెక్కడ చూడలేదమ్మా!"

అక్క నోరు తెరిచేలోపే వాకిట్లో దవాఖానా బండి ఆగింది. దెబ్బలు తగిలినవాళ్లు వచ్చారట, వెంటనే రమ్మన్నారట. మిగిలిన దోమలకు ఆ పూట రక్తం దొరక్కపోతే అక్క ఇన్నాళ్ల పని అక్కడితో సరి. ఆమె చేతులకు తీరిక లేదు. నా చేతుల దగ్గరికి కర్పూరం వాసనకు ఒక్క దోమా రావడం లేదు. అక్క బావ వైపు చూసింది.

"నేనా? బడిల పిలగాండ్లు నా చెయ్యి చూస్తె నవ్వరా?" అన్నాడు బావ.

అక్క చెప్పులు వేసుకుంటుంటే పెద్దమ్మ అడ్డం వచ్చింది. "జొరమొచ్చిన పిల్లగాన్ని ఇడిచి పోతవా? తల్లివేనా నువ్వు?"

"మీ కొడుకు ఇంట్లనే ఉన్నడు గద, అత్తమ్మా! తండ్రివేనా అని జెర ఆయన్ను సుత అడుగుండ్రి!"

అంత గొంతు అక్కకు ఉందని నాకు ఆ రోజు వరకూ తెలియదు. ఆమె వెనక్కి చూడకుండా బండెక్కింది. నేను బావ మీద పడి అరవబోయాను గాని, పెద్దమ్మ ముందే అందుకుంది. పిల్లవాణ్ణి భుజాన వేసుకుని కొడుకు ముందుకొచ్చి నిలబడింది.

"ఏందిరా చూస్తున్నవు? అంగీ మడువు. పెట్టు చెయ్యి!"

పెట్టాడు. ప్రతి కాటుకూ "ప్రభువా" అన్నాడు. అంత భక్తి ఆయనలో నేను మళ్లీ చూడలేదు.

దోమలు గుడ్లు పెట్టాయి. అక్క గది అక్కకే ఉండిపోయింది, పనీ ఆగలేదు. రోడ్లు తెరిచాక ఈ సంగతి చర్చి అంతా పాకింది. అందరూ బావ చెయ్యి పట్టుకుని, "పెండ్లాం పని కోసం రక్తమిచ్చినవు, ఎంత మంచోనివయ్యా!" అన్నారు. ఒక్క పూట చెయ్యి పెట్టినందుకు ఆయన బతికున్నన్నాళ్లూ మంచి భర్తే. ఏళ్ల తరబడి కుట్టించుకున్న అక్కను మాత్రం పిల్లగాన్ని ఎవరు చూస్తున్నారనే అడిగారు. ఆ పొగడ్తలు విన్నప్పుడల్లా నేను పళ్లు కొరుక్కునేవాణ్ణి.

ఇప్పుడు మా కోడలు ఆఫీసుకు పోతే మనవడికి అన్నం కలిపి పెట్టేది నేనే. మొన్న పక్కింటాయన చూసి, "కోడలికి ఎంత ఆసరా అయిన్రు సార్, మీ అసుంటోళ్లు ఎక్కడున్నరు?" అన్నాడు. నాకు మండిపోవాలి కదా? ఆయనకు మళ్లీ సరిగ్గా కనపడేలా, గిన్నె తీసుకుని వరండాలోకి జరిగి కూర్చున్నాను.