నేనొక్కడినే పెట్టిన టిక్కులు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్ళుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. పొడవైనదేమీ కాదు, రెండు ముక్కలు. బరువు మాత్రం ఏటికేడు పెరుగుతోంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది ఉదయగిరి. రిటైరై సొంతూరికే వచ్చేశాను. పెద్దమనిషినని పంచాయితీలకు పిలుస్తారు, ఢిల్లీలో పెద్ద ఉద్యోగం వెలగబెట్టి వచ్చాడంటారు. వెలగబెట్టింది గుమాస్తా పని. అయితే నా చేతి మీదుగా పోయిన కాగితాల్లో ఒకటి మామూలుది కాదు. యుద్ధమొచ్చినా ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని మనకూ పొరుగు దేశానికీ ఒప్పందం ఉంది. అందుకని ప్రతి జనవరి ఒకటిన ఎవరి కేంద్రాలు ఎక్కడున్నాయో, అక్షాంశం రేఖాంశం అంకెలతో సహా జాబితా రాసి ఇచ్చిపుచ్చుకుంటారు.

మా ఆఫీసులో ఆ జాబితా టైపయ్యాక ఇద్దరు కూర్చుని సరిచూడాలి. ఒకరు అసలు ప్రతి చూసి ఒక్కొక్క అంకె పైకి చదవాలి, ఇంకొకరు టైపు చేసిన కాగితం మీద పెన్సిల్‌తో టిక్కు పెట్టాలి. చివర ఇద్దరూ పొట్టి సంతకాలు చేయాలి. చదివేది సుశీల. ఆత్మకూరు అమ్మాయి, బాప్టిస్టు కుటుంబం. అంత దూరాన మన జిల్లా మనిషి దొరికితే ఎంత సంబరమో మీకు తెలియంది కాదు. నన్ను అన్నా అని పిలిచేది.

ఆ ఏడు ఆమె క్రిస్మస్‌కు ఊరికి పోయింది. ఇంకొకరిని పిలిచి చదివించుకోవచ్చు. పిలవలేదు. ఎందుకు? చలికి బద్ధకమా? ఏటా అవే అంకెలు కదా అనే పొగరా? పొగరే అయ్యుండాలి. ఒక్కడినే కూర్చుని గబగబా టిక్కులు పెట్టాను. ఆమె సంతకం కూడా నేనే గీకాను.

కొన్ని నెలలకు సరిహద్దులో కాల్పులు మొదలై విమానాల దాకా పోయింది. ఒకరోజు ఉదయం మనసు ఊరుకోక ఆఫీసు కాపీ తీసి చూశాను. ఒక వరుసలో దాని పై వరుస అంకెలే మళ్ళీ పడి ఉన్నాయి. అంటే కాగితం మీద రెండు కేంద్రాలు ఒకే చోట ఉన్నాయి. రెండోదాని పేరుంది కానీ, అది నిజంగా ఉన్న చోటు ఎక్కడా లేదు. పక్కనే నా టిక్కు. ఆ రెండో కేంద్రం కాలనీలోనే సుశీల తమ్ముడు, భార్యతో, ఇద్దరు పిల్లలతో కాపురముండేవాడు.

పై అధికారికి చెబితే సాయంత్రానికల్లా సవరణ ఉత్తరం అవతలి రాయబార కార్యాలయానికి చేరేది. అంత తేలిక పని. ఆయన గది తలుపు దాకా వెళ్ళాను కూడా. దొంగ సంతకం బయటపడుతుంది, ఉద్యోగం ఊడుతుంది, ఉదయగిరిలో ఇక తలెత్తుకోలేను అనిపించింది. సుశీలకు కూడా మాట వస్తుందని ఒక సాకు దొరికింది. ఎంత మంచివాడినో చూడండి. వెనక్కి వచ్చి కూర్చున్నాను.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకుండానే ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది.

“అన్నా, మా అమ్మకు అన్నం పోవడంలా. కోడల్నీ పిల్లల్నీ ఆత్మకూరికి పంపించెయ్యమని ఒకటే పోరు. తమ్ముడు నిన్ను అడగమన్నాడు. వాళ్ళుండే చోటు మన లిస్టులో ఉండాది కదా?”

“ఉండాది. ఏం కాదు, ఉండమను” అన్నాను.

“నువ్వు చెప్పినావు, అది చాలు” అంది. నా ఎదురుగానే తమ్ముడికి ఫోన్ చేసి, అన్న చెప్పినాడు, కదలబాకండి అని చెప్పింది.

కాల్పులు ఆగేదాకా ఆ పిల్లలు అక్కడే ఉన్నారు. ఏమీ పడలేదు. పడలేదు కాబట్టి నేను చేసింది తప్పు కాదా? ఎన్నోసార్లు అలా నచ్చజెప్పుకున్నాను. పడివుంటే ఏం చేసేవాడినని నన్ను నేనే అడిగితే మాత్రం జవాబు తెలుసు. అప్పుడూ నోరు విప్పేవాడిని కాదు.

మరుసటి జనవరి జాబితాలో అంకెలు సరిగ్గా పడ్డాయి. పోయినేడు ఒక చోట, ఈ ఏడు ఇంకో చోట, అంత పెద్ద కేంద్రం ఎట్లా నడిచిపోయిందని అవతలివాళ్ళు అడుగుతారని ఎదురుచూశాను. దొరికిపోతే బాగుండునని కూడా ఉండేది. నెలలు గడిచాయి. ఎవరూ అడగలేదు. అక్కడా నాలాంటివాడే ఒకడు కూర్చుని టిక్కులు పెట్టి ఉంటాడు.

దాంతో నాకు ఒప్పందాల మీద నమ్మకం పోయింది. ఇప్పుడు టీవీలో ఏదో దేశపు యుద్ధం, అణు కేంద్రాలకేమీ కాదని పెద్దలు మాట ఇస్తుంటారు. గుమ్మడికాయల దొంగలా నా భుజాలు నేనే తడుముకుంటాను. ఆ మాట వెనక ఎక్కడో ఒక గుమాస్తా ఉంటాడు. వాడు నాకంటే మంచివాడని ఏ ధైర్యంతో అనుకోను?

సుశీల కూడా రిటైరై ఆత్మకూరులో ఉంది. ప్రతి క్రిస్మస్‌కు అరిసెలు పంపుతుంది. ఆ రోజుల్లో నా మాట పట్టుకునే బతికారట. చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేయిస్తుందట. ఒక్క అరిసె కూడా నేను నోట పెట్టను. షుగరని ఇంట్లో చెప్పాను. నాకు షుగరు లేదు.

పోయిన నెల ఆమెకు చెప్పేద్దామని ఆత్మకూరు బస్సెక్కాను. మర్రిపాడులో దిగిపోయాను. టీ తాగి, ఎదురొచ్చిన బస్సెక్కి ఇంటికి వచ్చాను. ఇట్లా దిగిపోవడం మూడోసారి.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోదు. చెప్పినవాడికి కాస్త ఊపిరాడుతుంది, అంతే. ఆమెకు చెప్పవలసింది మీకు చెబుతున్నాను, ఆమెతో ఎట్లా చెప్పాలో అట్లాగే.

సుశీలమ్మా, ఆ ఏడు మీ తమ్ముడుండే చోటు లిస్టులో లేదు. లేదని తెలిసే నీకు ఉండాదని చెప్పినాను.