‘ఇగ చాలు’ అనే కబురు

కల్వకుర్తి చుట్టుపక్కల పెండ్లి దావత్ అంటే జంగయ్య పొయ్యి వెలగాల్సిందే. అతను బగార అన్నం దించి మూత తీస్తే పందిరి అవతలున్న వాళ్లు కూడా తల తిప్పి చూసేవారు. అంతటి వంటవాడు తాను మాత్రం ఓ పక్కన కూచుని ఇంత పెరుగన్నం తినేవాడు.

మొదటినుంచీ అలా లేదు. తెలంగాణ వచ్చిన కొత్తలో ఓ వానాకాలం, మంచినీళ్ల పైపులోకి మురికినీరు చేరింది. వాడంతా వాంతులు, విరేచనాలు. జంగయ్యా మంచం పట్టాడు. కొన్నాళ్లకు అందరూ లేచి పనుల్లో పడ్డారు. జంగయ్యకు జ్వరం తగ్గింది కానీ కడుపు మాత్రం కుదుటపడలేదు. తిన్న కాసేపటికే పేగులు మెలిపెట్టే నొప్పి. ఓనాడు విరేచనాలు, ఇంకోనాడు కడుపు బిగపట్టి కదలదు. దావత్‌కు పోతే పొయ్యికి జాగా చూసుకోవడానికంటే ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకునేవాడు.

స్కానింగు తీశారు. గొట్టం వేసి పేగు చూశారు. పుండు లేదు, గడ్డ లేదు, అంతా బాగుందన్నారు. బాగుందన్న ఆ మాటే అతన్ని కుంగదీసింది. బాగుంటే ఈ బాధ ఎక్కడిది? ఊళ్లోవాళ్లు మనసులో ఏదో దిగులు, రంది పెట్టుకున్నాడన్నారు. చివరికి ఓ పెండ్లిలో పిల్ల తండ్రి దశరథం అందరి ముందూ అడిగేశాడు.

“నీ చేతి కూర నువ్వే తింటలేవు. దాంట్ల ఏం కలిపినవ్ జంగన్నా?”

నవ్వుతూనే అన్నాడు. జంగయ్య కూర కలుపుకొని అందరూ చూస్తుండగా తిన్నాడు. మర్నాడంతా మంచం దిగలేకపోయాడు.

ఆ సంగతి తెలిసి జడ్చర్ల నుంచి అక్క నిర్మలమ్మ పరుగున వచ్చింది. తమ్ముణ్ణి వెంటబెట్టుకొని హైదరాబాద్‌లో ఓ పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరు యాస్మిన్ మహబూబ్‌నగర్ మనిషే. అతను చెప్పిందంతా ఓపిగ్గా విన్నది.

“దీన్ని ఐబీఎస్ అంటరన్నా, పేగు చూస్తె బాగనే ఉంటది గని పని సక్కగ చెయ్యదు. ఇది నిజమైన రోగమే, నీ మనసు పుట్టించింది కాదు. మీ ఇంట్ల ఇంకెవరికన్న ఉన్నదా?”

లేదని జంగయ్య తల ఊపాడు. పక్కనే ఉన్న నిర్మలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నాకున్నది మేడం.”

జంగయ్య ఉలిక్కిపడ్డాడు. “ఎన్నడు చెప్పకపోతివేందే అక్కా?”

“కడుపు సంగతి ఎవరికని చెప్పుకుంటర్రా? అమ్మకు సుత గిదే ఉండె. మాపటిపూట తినకపోతుండె. మనకు సాలదని పస్తులుంటుందనుకున్నం.”

జంగయ్య అక్క చెయ్యి పట్టుకున్నాడు.

డాక్టరు మందులు రాసింది, ఉల్లి వెల్లుల్లి తగ్గించమంది. ఈ జబ్బు మీద తాము చేస్తున్న పరిశోధన కోసం ఇద్దరినీ రక్తం అడిగింది. ఇచ్చి వచ్చారు. నెలలు గడిచేకొద్దీ నొప్పి పూర్తిగా పోలేదు గానీ జంగయ్య దాన్ని లొంగదీసుకోగలిగాడు. దశరథం ఎదురుపడితే తానే పిలిచి తన జబ్బు సంగతి చెప్పాడు. దశరథం తల దించుకున్నాడు.

తర్వాత ఓనాడు డాక్టరు అక్కాతమ్ముళ్లను మళ్లీ రమ్మన్నది. కంప్యూటర్ తెర నిండా అక్షరాలు, చీమల బారుల్లా.

“క్రిమి జొరబడితే ఒంట్ల కాపలా ఉన్న కణాలు ఒకదానికొకటి కబురంపుకుంటయి. కొట్లాట అయినంక ‘ఇగ చాలు’ అనే కబురు సుత పోవాలె. మీ రక్తంల చదివిన జన్యువు ఇది, గా కబురుకు సంబంధించిన రాత. చాన మందికి ఈడ ఒక అక్షరముంటది, మీ ఇద్దరికి వేరే ఉన్నది. గందుకే మీ పేగుల్ల కొట్లాట జల్ది చల్లారలేదేమో.”

“ఒక్క అక్షరం గింత పని జేస్తదా?”

“అదొక్కటే చెయ్యదన్నా. గీ అక్షరం ఉన్నోళ్లల్ల ఎక్కువమందికి ఏం కాదు. ముప్పు జర పెరుగుతది, గంతే. కలుషితమైన నీళ్లు, తిండి, ఫికరు, అన్నీ కలవాలె.”

“మరి గసొంటి అక్షరం మాకెందుకొచ్చింది మేడం?”

“రుజువైతే లేదు. కానీ ఎన్కట కలరా గత్తరలొచ్చినప్పుడు, గట్టిగ కొట్లాడే ఒళ్లే కొందరిని బతికిచ్చిందేమో అనేటోళ్లున్నరు.”

తాత తండ్రి పేరు కూడా జంగయ్యకు తెలియదు. గత్తరకు ఊళ్లకు ఊళ్లు ఖాళీ అవుతుంటే ఆ వంశంలో ఎవరో ఒకరు చావకుండా మిగిలారు. ఆ మిగిలిన ప్రాణంలోంచి ఈ అక్షరం చేతులు మారి మారి అమ్మ దాకా, అమ్మ నుంచి తమ దాకా వచ్చిందేమో. పేర్లన్నీ చెరిగిపోయినా ఇది చెరగలేదు. అతను లేచి తెర దగ్గరికి వెళ్లి, తాకితే చెదిరిపోతుందేమో అన్నంత భయంగా ఆ అక్షరం మీద వేలు పెట్టాడు.

తిరుగు దారిలో జడ్చర్ల బస్టాండులో దిగారు. ఒకాయన మిరపకాయ బజ్జీలు వరసగా తినేస్తున్నాడు. ఓ తల్లి బిడ్డకు జాగ్రత్తగా పాలు పడుతోంది. ఇంతమంది, ఇన్ని ఒళ్లు. ఒక్కొక్కరి లోపల ఏ కబుర్లు నడుస్తున్నాయో, వాటిని ఏ కాలంలో ఎవరు బతికి పంపారో! జంగయ్య నిలబడిపోయాడు.

“కల్వకుర్తి బస్సు పోతాందిరా, గట్ల చూస్తున్నవేంది?” అన్నది నిర్మలమ్మ.

“పోనియ్యే అక్కా, ఇంకోటొస్తది” అన్నాడు. “మనుషులను జర చూడనియ్యి.”