నెత్తి మీది నీళ్లు

మొన్న ముత్తంగి దగ్గర, రోడ్డు పక్క కొట్టులో చాయ్ తాగుతున్నాను. ఒక కంటైనర్ లారీ దూసుకుపోయింది. దాని గాలికి బల్ల వణికి, చాయ్ గ్లాసు అంచు దాటి నా వేళ్ల మీద పడింది. కాలింది వేళ్లే అయినా మండింది మాత్రం లోపల. లారీ గాలికి ఏం తొణుకుతుందో, ఎందుకు తొణుకుతుందో ఈ చుట్టుపక్కల నాకంటే బాగా తెలిసినవాడు లేడు. ఎందుకంటే ఒకప్పుడు ఒక ఇంటిని చక్రాల మీదికెక్కించి, దాని నెత్తిన మూడు వందల లీటర్ల నీళ్లు పెట్టిన మేధావిని నేనే. స్నానాల గదిలో నీళ్లు ధారగా పడాలంటే ట్యాంకు పైనుండాలి కదా, మా మేడ మీద ఉన్నట్టు! మేడ నడవదన్న చిన్న సంగతి నాకు తట్టలేదు. బీటెక్ నా నెత్తికెక్కింది, నేను ట్యాంకును బండి నెత్తికెక్కించాను.

అప్పుడు నేను పటాన్‌చెరు పారిశ్రామికవాడలో క్యారవాన్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో కొత్త ఇంజనీరును. వ్యాను ఛాసిస్ తెచ్చి, దాని మీద మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది కట్టి అమ్మేవాళ్లం. మా గోడకు అవతలి రేకుల షెడ్డు యాదగిరిది. చిట్కుల్ మనిషి. భూమి ఫ్యాక్టరీ కింద పోయాక కమాన్ల పని నేర్చుకున్నాడట. బండి బరువును మోసే ఉక్కు పట్టీల కట్టనే ఇక్కడ కమాన్ అంటారు. పారిశ్రామికవాడలోని లారీలన్నీ ఏదో ఒక రోజు ఆయన గుమ్మం ముందు మోకరిల్లినవే. అందరూ యాదన్న అనేవారు. ఆ పేరులోనే యాది ఉంది, మరిచిపోదామన్నా నేనేం చేయను.

మా బండి కమాన్ల పని ఆయనకే ఇచ్చాం. నా డ్రాయింగును ఆయన బోనెట్ మీద పరిచి చాలాసేపు చూశాడు.

"ఏందిది సాబ్, బండికి బోనమెత్తించినవ్?"

"అది వాటర్ ట్యాంకు యాదన్నా."

"గదే అంటున్న. బోనమెత్తిన ఆడామె ఎట్ల నడుస్తది? మెల్లగ, సక్కగ. గామెను లారీల పక్క పొంటి ఉరుకమంటే ఎట్ల? పైకెల్లి నిండ కుండైతే జెర నయం. సగం కుండ ఇంక పరేషాన్. నీళ్లు అటు పోతయి, బండి ఇటు రమ్మంటది."

నేను నవ్వాను. నిండుకుండ తొణకదని చిన్నప్పుడు నేనూ చదివాను. సగం కుండకు తాను సగమని తెలియదన్న సంగతి మాత్రం ఆ పాఠంలో లేదు.

బండి తయారయ్యాక ఆయన పరీక్ష పెట్టే తీరు వింతగా ఉండేది. ఎవరైనా బండిని పరీక్షించాలంటే స్టీరింగ్ ముందు కూర్చుంటారు. ఆయన డ్రైవరును అక్కడ కూర్చోబెట్టి, తాను వెళ్లి చిట్టచివరి సీట్లో కూర్చునేవాడు, చేతిలో అంచుదాకా నీళ్లు నింపిన స్టీలు గ్లాసుతో. బొమ్మ గీసినవాడు పక్కన కూర్చోవాల్సిందే.

"తోలెటోనికి పట్టుకోనీకి స్టీరింగ్ ఉంటది. ఎన్క కూసున్నోనికి ఏముంటది? వాని పానం మన చేతుల ఉంటది. గందుకే ఈడ కూసోవాలె."

ముంబయి హైవే మీద ఇస్నాపూర్ దాటగానే ఒక లారీ మమ్మల్ని దాటింది. దాని గాలి బండిని ముందు అవతలికి నెట్టింది, వెంటనే తన వైపు లాగింది. లారీ వెళ్లిపోయాక కూడా పైన ట్యాంకులో సగం నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటూ బండిని ఊపుతూనే ఉన్నాయి. గ్లాసులో నీళ్లు నా చొక్కా మీదికొచ్చాయి. ముందునుంచి డ్రైవరు "మస్తుగ పోతున్నదన్నా!" అని కేకేశాడు.

"ఇన్నవా?" అన్నాడు యాదన్న, ఖాళీ గ్లాసు చూపిస్తూ.

తిరిగొస్తూ లారీలు తూచే కాంటా దగ్గర ఆపించాడు. ఎడమ చక్రాలు రెండే కాంటా మీదికెక్కించి తూకం వేయమన్నాడు, తర్వాత కుడి చక్రాలు.

"ఏంది యాదన్నా, సగం బండే తెచ్చినవ్? తక్కిన సగం రేపు తెస్తవా?" అన్నాడు కాంటా అతను.

"నువ్వు బటన్ ఒత్తు తమ్మీ."

పొయ్యి, ఫ్రిజ్, బ్యాటరీలు అన్నీ నేను ఎడమవైపే పెట్టాను. ఎడమ చక్రాలు మోస్తున్నంత బరువు కుడివి మోయడం లేదు. రెండు వైపులా టైర్లలో గాలి మాత్రం సమానం. యాదన్న వరుసగా చెప్పాడు: ట్యాంకు దింపి నేల కింద, ముందు వెనక చక్రాల మధ్య కట్టాలి, లోపల నీళ్లు కొట్టుకోకుండా అడ్డపలకలు వేయాలి, బ్యాటరీలు కుడివైపుకు మార్చాలి, వెనక ఇరుసుకు ఊగును పట్టే కడ్డీ బిగించాలి, అప్పుడు మళ్లీ తూచి బరువును బట్టి గాలి కొట్టాలి. పది రోజుల పని.

మా కంపెనీ ఎండీ గారు వినలేదు. "శుక్రవారం పార్టీ వస్తున్నాడయ్యా! రంగేసిన కప్పు విప్పుతానంటావేంటి? కమాన్లకు ఇంకో రెండు పట్టీలు వేయించు, అదే నిలబడుతుంది."

"పట్టీలేస్తె కుదుపు ఎక్కువైతది గని నెత్తి మీది బరువు కిందికి దిగుతదా? నేనెయ్య," అన్నాడు యాదన్న.

అప్పుడు నోరు తెరిచింది నేనే. "ఇప్పటికి వేయండి యాదన్నా. ట్యాంకు దింపకుండా బండి గేటు దాటదు. నా మాట."

"నీ మాటనా?"

"నా మాటే."

"సరె. నీ మాట మీద ఏస్తున్న."

శుక్రవారం బండి గేటు దాటింది. ట్యాంకు నెత్తి మీదే ఉంది. నేను సెల్యూట్ కొట్టినంత పని చేశాను.

కొన్నవాళ్లు కుటుంబంతో పండరిపురం బయలుదేరారు. సదాశివపేట దాటాక లారీ ఒకటి పక్కనుంచి పోయింది. బండి ఊగి, వెనక సోఫాలో కూర్చున్న పెద్దావిడ కింద పడింది. మణికట్టు విరిగింది. మర్నాడు ఆమె కొడుకు మా ఆఫీసుకొచ్చి, "తప్పెవరిది?" అని ఒక్కటే అడిగాడు. ఎండీ గారు తడుముకోలేదు. "కమాన్ పని బయట చేయించాం సార్. లోకల్ మేస్త్రి, నాసిరకం పని. అతనికి ఇక పని ఇవ్వొద్దని పక్క కంపెనీలకు కూడా కాగితం రాశాం."

కబురందుకున్న యాదన్న అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. ఎండీని చూడలేదు. నన్ను చూశాడు.

"చెప్పు సాబ్."

ఆ ట్యాంకులోని మూడు వందల లీటర్లు చాలవన్నట్టు నేను అక్కడ నిలబడి నీళ్లు నమిలాను. ఇన్నేళ్లయినా ఆ రుచి నోట్లోంచి పోలేదు. ఈ పారిశ్రామికవాడలో ఒక వింత ఉంది. బరువునేమో పైన పెడతారు, తప్పును మాత్రం కిందికి దింపుతారు. అది జారి జారి చేతికి మసి ఉన్నవాడి దగ్గర ఆగుతుంది. ఏసీ గదిలో పెన్ను పట్టినవాడికి అంటదు. ఆ రోజు ఆ గదిలో పెన్ను పట్టినవాళ్లం ఇద్దరం ఉన్నాం.

గేటు బయట ఆయన నాతో అన్నమాట ఇది: "బండి సంగతి చెప్పిన గని నీ సంగతి చూస్కోలే. నీ బరువంత గూడ నెత్తిలనే ఉంది సాబ్. కింద ఏం లేదు. గాలొస్తె ఊగుతవ్."

వారం ఊగాను. తర్వాత ఉద్యోగం మానేసి ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లాను. ఆమె కట్టుకట్టిన చేత్తోనే తలుపు తీసింది. ఉన్నదున్నట్టు చెప్పాను. వాళ్లు బండిని కంపెనీకి వాపసు ఇచ్చేశారు. కానీ గేటు గేటుకూ వెళ్లిన కాగితాన్ని ఎవరు వెనక్కి పిలుస్తారు? కంపెనీ బండ్లు యాదన్న దగ్గరికి రావడం మానేశాయి. ట్రాక్టర్లు, ఇసుక లారీలు మిగిలాయి. నేనూ మిగిలాను. నన్ను చూసి ఆయన తిట్టలేదు, తుప్పు గీకే బ్రష్షు చేతికిచ్చాడు. "గీకు. జెర కిందికెల్లి షురువు జెయ్యి."

ఆ షెడ్డులో ఐదేళ్లు నేర్చుకున్నాను. నిరుడు ఆయన పోయాడు. ఆసుపత్రి మంచం మీద కూడా ఆయన అడిగింది ఒకటే: "ఆ కాగితం ఇంక ఉందా వాళ్ల తాన?" పాతికేళ్ల పని మీద ఒక్క కాగితం మరక. లేదని అబద్ధం చెప్పలేకపోయాను. నిజం చెప్పాల్సిన రోజున చెప్పనివాడికి అబద్ధం కూడా కలిసిరాదు.

రెండు నెలల కిందట ఎండీ గారు, ఇప్పుడు నేను నడుపుతున్న ఆ షెడ్డు ముందు దిగారు. తెల్ల ప్యాంటు. వెనకాల అదే బండి, అదే కప్పు. దాన్ని కొనడానికి ఎవరో వస్తున్నారట, ఊగు తగ్గించి ఇవ్వాలట. నాలుగు షెడ్ల వాళ్లు దాని మీద చేయి వేయబోమన్నారట.

"పాతవన్నీ మనసులో పెట్టుకోకు. నువ్వు మనవాడివేగా," అన్నారు.

"మనసులో ఏమీ లేదు సార్. ఇక్కడ ఒక పద్ధతి ఉంది, అంతే. ముందు బండి యజమాని వెనక సీట్లో కూర్చోవాలి."

యాదన్న స్టీలు గ్లాసు కడిగి, అంచుదాకా నింపి ఆయన చేతికిచ్చాను. బెల్టు నా చేత్తోనే బిగించాను. స్టీరింగ్ దగ్గర నేను కూర్చున్నాను. వేగంగా తోలలేదు, యాదన్న ఒప్పుకోడు. ఇస్నాపూర్ దాటాక మొదటి లారీ వచ్చింది.

"ఏయ్, ఆపు! ఆపు!"

"ఇక్కడేం తెలియడం లేదు సార్. మస్తుగా పోతోంది!"

మూడో లారీ తర్వాత పక్కకు ఆపి వెనక్కి వెళ్లాను. గ్లాసు ఖాళీ. తెల్ల ప్యాంటు చూస్తే, నీళ్లే అని నేను ఎవరికైనా సాక్ష్యం చెప్పాల్సిన స్థితిలో ఉంది. అట్ట మీద బిగించిన కాగితం ముందు పెట్టాను. నాలుగు వాక్యాలు: ఈ బండి ఊగడానికి కారణం నెత్తి మీది నీళ్ల ట్యాంకు. అలా గీసింది నేను. దింపవద్దన్నది వీరు. యాదగిరి కమాన్ పనిలో లోపం లేదు. కింద నా సంతకం అప్పటికే ఉంది.

"ఇదేంటి?"

"సంతకం లేనిదే జాకీ పెట్టం సార్."

ఆయన కాగితం వంక చూశారు, తర్వాత రోడ్డు వంక. ఇంకో లారీ వస్తోంది. సంతకం పెట్టేశారు.

ట్యాంకు దింపాం, బరువు సరిచేశాం, ఆ పది రోజుల పని పదకొండు రోజులు చేశాం. అప్పుడు వెనక సీట్లో నేనే కూర్చున్నాను. గ్లాసు నిండుగా వెళ్లి నిండుగా వచ్చింది. ఆ నీళ్లు తాగేశాను.

సంతకం నకళ్లు, ఆ పాత కాగితం వెళ్లిన గేట్లన్నిటికీ నేనే నడిచి వెళ్లి ఇచ్చాను. అసలుది షెడ్డులో, యాదన్న సుత్తి వేలాడే మేకుకు పైన అంటించాను. తడి చేత్తో పెట్టడం వల్ల ఎండీ గారి పేరు కొంచెం అలుక్కుపోయింది. అలాగే ఉంచాను.