అత్తమ్మ బీడీ కార్డు

నేను వట్టి పిరికిదాన్ని. సర్కారు మనిషి గడప తొక్కితే చాలు, తలుపు చాటుకు పోతాను. అలాంటి నన్ను పట్టుకుని, పది చదివిన కోడలినని, మా వాడకట్టులో బీడీలు చుట్టేవాళ్లందరి తరఫున జవాబు చెప్పే పెద్దదాన్ని చేశాడు బీడీల సేటు.

జనగామలో మా అత్తమ్మ ముప్పై ఏళ్లుగా ఆయనకే బీడీలు చుట్టేది. తన దగ్గర చుట్టేదని సేటు పేరు రాసిస్తే సర్కారు ఇచ్చిన బీడీ కార్డు ఆమెకు ఉండేది. దగ్గితే రక్తం పడేది. ఆ కార్డు చూపిస్తేనే దవాఖానలో మందులిచ్చేవాళ్లు.

తెలంగాణ కోసం జనం రోడ్ల మీదే వంటలు చేసుకుంటున్న రోజులవి. చిన్న కార్ఖానాలకు పన్ను లేదని సేటు తన కార్ఖానాను కొడుకులు, అల్లుళ్ల పేర్ల మీద ముక్కలు చేశాడు. చుట్టేవాళ్లు ఎక్కువమంది ఉన్నారని తెలిస్తే దొరికిపోతాడు. అందుకే మాకో మాట నేర్పాడు.

"ఎవలన్న అడిగితే మా మందం, మా ఇంట్ల తాగేటందుకే చుట్టుకుంటున్నం అనుండ్రి. లేకుంటే రేపటి సంది మీకు బీడీలు చుట్ట తునికాకు ఇచ్చుడు బంద్."

ఒక పొద్దున పన్నుల ఆఫీసరు, వెనక ఇద్దరు జవాన్లు ఇంట్లోకి వచ్చేశారు. ఆకు, తంబాకు ఉన్న చాటలు గబగబా మంచం కిందికి తోశాను. అత్తమ్మ వట్టి చేతులతో కూర్చుంది. ఆ వేళ్లు ఊరుకుంటేనా! ఆకు లేకుండానే చుట్టుకుంటూ పోతున్నాయి. ఆయన చూసి నవ్వాడు.

"ఎవరికి చుడుతున్నావమ్మా? భయపడకు. సేటుకని చెబితే నీ పేరు లెక్కలో ఉంటుంది."

అత్తమ్మ నోరు తెరిచింది. ఆమెకు అబద్ధమాడటం చేతకాదు. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆకు ఆగితే ఏం తిని బతకాలి?

"ఆమెకు బీడీలు చుట్టుడే రాదు సార్. చుట్టేది నేను, మా ఇంటి మందమే" అన్నాను.

ఆయన రాసుకున్నాడు. అత్తమ్మ నా మొహం చూసి, ఆ కాగితం మీద వేలిముద్ర వేసింది. ఆ కాగితం నకలు సేటుకూ అందింది.

నెల తిరక్కముందే దవాఖానలో గుమాస్తా కార్డు వెనక్కి ఇచ్చేశాడు. "సేటు నీ పేరు తీసేసిండు అవ్వా. నీకు బీడీలు రావని నువ్వే వేలిముద్ర ఏసినవట."

బస్సులో నేను ఏడుస్తుంటే, "ఊకో బిడ్డా, నాకు సుత భయమైంది" అంది అత్తమ్మ.

వానాకాలం దాటలేదు ఆమె. చావు కాగితం కోసం పోతే, ఏం పని చేసేదని అడిగాడు ఆఫీసులో ఆయన. సిగ్గు లేకుండా అక్కడా భయమే వేసింది నాకు.

"ఏ పనీ చెయ్యలే సార్. ఇంట్లనే ఉండేది."