లండన్ శివారులో పొగగొట్టం ఎక్కిన రోజు

కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో మా ఇంటి కిటికీలోంచి ఒక ఫ్యాక్టరీ పొగగొట్టం కనబడుతుంది. స్కూలుకి వెళ్తూ మా అమ్మాయి, "నాన్నా, ఈజ్ దట్ స్మోక్ బ్యాడ్?" అని అడిగేది. నాకు జవాబు తెలియదు. ఒక పుట్టినరోజు విందులో ఈ మాట సుగుణ గారితో అన్నాను. ఆవిడది కాకినాడ. ఫ్యాక్టరీల పొగను కొలిచి, అది ప్రభుత్వం పెట్టిన హద్దుల్లో ఉందో లేదో తేల్చడమే చాలా ఏళ్లుగా ఆవిడ ఉద్యోగం. "చెబితే ఏం అర్థమవుతుందండీ? మంగళవారం ఇక్కడి లండన్‌లోనే టెస్ట్ ఉంది. పర్మిషన్ అడుగుతాను, వచ్చి చూడండి" అన్నారు.

మార్చి చలిలో పొద్దున్నే అయిదున్నరకు ఆవిడ వ్యానులో బయలుదేరాం. 401 హైవే మీద పడమరగా గంట ప్రయాణం. వుడ్‌స్టాక్ దగ్గర ఆగి కాఫీ, బేగెల్ తీసుకున్నాం. ఇద్దరికీ పదిహేను డాలర్ల లోపే అయింది. ఫ్యాక్టరీలో అరగంట సేఫ్టీ పాఠం చెప్పి, హెల్మెట్, నడుముకు కట్టుకునే బెల్టు ఇచ్చారు. ఆరంతస్తుల ఎత్తున్న నిచ్చెన ఎక్కి ఇనుప వేదిక మీద నిలబడి రెండు చేతులా కమ్మీ పట్టుకున్నాను. కింద మంచు కరుగుతున్న పొలాలు, వరసగా ఇళ్లు. పక్కనే గొట్టం లోపల పొగ హోరు.

"తెల్లగా కనిపించేది చాలావరకు ఆవిరేనండీ. మనం వచ్చింది కనిపించనిదాని కోసం" అన్నారు సుగుణ గారు. గొట్టానికున్న రంధ్రంలోంచి పొడవాటి కడ్డీ లోపలికి పంపారు. పొగ ఎంత వేగంతో పైకి పోతోందో సరిగ్గా అంతే వేగంతో దాన్ని పీల్చాలట. తేడా వస్తే లెక్క తప్పుతుంది. పీల్చిన పొగ ఒక వడపోత కాగితం గుండా, మంచులో పెట్టిన గాజు సీసాల్లోకి వెళ్తుంది. గంట తరవాత కాగితం బయటికి తీశారు. పొద్దున మల్లెపువ్వులా ఉన్నది బూడిదరంగు తిరిగింది. అది అరచేతిలో సగం కూడా లేదు. ఊరి మీదికి పోయే గాలిలో ఒక గంట దానిమీద నిలిచిపోయింది.

అలాంటి గంటలు మూడు కావాలి. రెండోది అయ్యాక, పొగను పీల్చే సన్న గొట్టాల్లో ఎక్కడైనా గాలి చొరబడుతోందేమో పరీక్షించారు. మీటర్లో అంకె కదిలింది. వాటిని కలిపే ఒక గాజు కీలు పగిలి ఉంది.

"రెండో రన్ క్యాన్సిల్" అని సుగుణ గారు రేడియోలో చెప్పారు. ప్లాంట్ మేనేజర్ రొప్పుతూ పైకి వచ్చాడు. "ఈసారి కాగితం తెల్లగానే ఉందిగా! నాలుగున్నర తరవాత గాలి పెరుగుతుందట, అప్పుడు మిమ్మల్ని దింపేయాలి. ఇవాళ పూర్తి కాకపోతే మాకు ప్రభుత్వం ఇచ్చిన గడువు దాటిపోతుంది" అన్నాడు.

"బయటి గాలి కలిసింది కాబట్టే తెల్లగా ఉంది" అన్నారు ఆవిడ ఇంగ్లీషులో, గొంతు పెంచకుండా. "దీనిమీద నేను సంతకం పెట్టలేను."

అతను పగిలిన కీలును చేతిలోకి తీసుకుని చూశాడు. చివరికి, "మళ్లీ కొలిచేదాకా ఫర్నేసు పూర్తి లోడులోనే ఉంచమంటాను" అని దిగిపోయాడు. సుగుణ గారు గ్లౌజులు తీసి, ఎర్రబడ్డ వేళ్లతో కొత్త కీలు బిగించారు. భోజనం మానేశాం. చివరి గంట నాలుగూ ఇరవైకి ముగిసింది. సామాన్ల పెట్టెలు తాడుతో దింపుతుంటే, కింద నిలబడి వాటిని అందుకున్నది ఆ మేనేజరే.

"పాసయినట్టేనా?" అని అడిగాను.

"ల్యాబ్ చెప్పాలి. అప్పటిదాకా నాకూ తెలీదు" అని నవ్వారు.

వంతెనలు, జలపాతాలు చూసి అబ్బురపడ్డాను గానీ, ఆ ఇనుప వేదిక మీద చూసినదాని ముందు అవి చిన్నవే. అందరికీ నచ్చే ఒక గంటను, అది నిజం కాదని ఒక మనిషి చలిలో నిలబడి పారేయడం చూశాను. కింద ఆ ఇళ్లల్లో ఉన్నవాళ్లకి ఆవిడ పేరు కూడా తెలియదు. మీకూ చూడాలనుంటే రెండు మూడు వారాల ముందే ఫ్యాక్టరీకి రాసి అనుమతి అడగండి. గ్లౌజులు మాత్రం రెండు జతలు తీసుకెళ్లండి, పైన ఒకరికి తప్పక అవసరమవుతాయి.